కరెంటు తిరిగొచ్చాక మొదటి ఐదు నిమిషాలు: సీమ ఎండల్లో ఇంటి సర్వరు

అనంతపురంలో మే నెల సాయంత్రాలకు ఒక వరస ఉంటుంది. పగలంతా 40 డిగ్రీలు దాటిన ఎండ, పొద్దు వాలే వేళకు దుమ్ముగాలి, వెనకే ఉరుములు. చినుకు సరిగా పడకముందే కరెంటు పోతుంది. ముప్పావు గంటకు వస్తుంది, రెండు నిమిషాలుండి మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, ఫ్రిజ్ గుర్రుమంటుంది, టీవీ వెలుగుతుంది. మూలనున్న చిన్న సర్వరుకు (ఇంటి ఫొటోలు, కెమెరా రికార్డింగులు దాచే, రాత్రింబవళ్లు నడిచే కంప్యూటరుకు) కూడా లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి గానీ ఫొటోల బ్యాకప్ అందదు, కెమెరా రికార్డింగు ఆగిపోయి ఉంటుంది, ఫోన్లలో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూనే ఒక్క పేజీ తెరుచుకోదు. ఎవరో ఒకరు వెళ్లి సర్వరును ఆపి మళ్లీ ఆన్ చేస్తారు, అంతా సర్దుకుంటుంది. ఎందుకు సర్దుకుందో మాత్రం ఎవరూ చూడరు. మరుసటి గాలివానకు మళ్లీ అదే కథ.

ఇంటి సర్వరు పెట్టుకునేవాళ్లు బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందన్న లెక్క బాగానే వేస్తారు. సర్వరు తనంతట తాను, సరైన వరసలో, మనిషి చెయ్యి పడకుండా ఎలా లేస్తుందన్న లెక్క వేసేవాళ్లు తక్కువ. వేసవిలో రోజుకు ఒకటి రెండుసార్లు సరఫరా ఆగే ఊళ్లలో ముందుగా తేల్చుకోవాల్సింది ఈ రెండో లెక్కే.

తీగలో ఏం జరుగుతుంది

ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) ట్రిప్ అయ్యాక సరఫరా ఒక్కసారిగా వచ్చి స్థిరపడటం అరుదు. కొమ్మ ఇంకా తీగకు తగులుతుంటే లైను వేసిన వెంటనే మళ్లీ పడిపోతుంది. అందుకే రెండు మూడుసార్లు వచ్చి పోతుంది. ఊరి అంచున, తోటల దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నచోట కరెంటు రాగానే మోటార్లన్నీ దాదాపు ఒకేసారి లాగుతాయి. వోల్టేజీ ముందు కుంగుతుంది, తర్వాత పైకి లేస్తుంది.

మినీ పీసీ, రౌటరు, ఓఎన్‌టీల (ఫైబర్ నెట్ పెట్టెల) అడాప్టర్లు మామూలుగా 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటాయి. కాబట్టి వాటి కోసం స్టెబిలైజరు కొనడం డబ్బు దండగ. వాటిని దెబ్బతీసేది తక్కువ వోల్టేజీ కాదు. కొన్ని సెకన్ల తేడాతో వచ్చి, పోయి, వచ్చే సరఫరా. హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టి సగంలో ఆగి మళ్లీ మొదలుపెడుతుంది. ఫైల్ సిస్టమ్ జర్నల్‌ను (డిస్కు మీది మార్పుల చిట్టాను) సరిచేసుకుంటున్న క్షణంలోనే మళ్లీ ఆగిపోతుంది. ఆ రెండో కోత మొదటిదానికంటే ప్రమాదకరం.

ఇన్వర్టర్ లేని ఇంట్లో దీనికి మందు ఆలస్యం. ఫ్రిజ్‌లకు వాడే స్టెబిలైజర్లలో కరెంటు వచ్చాక సుమారు మూడు నిమిషాలు ఆగి వదిలే ఏర్పాటు చాలావాటికి ఉంటుంది. ఇక్కడ పనికొచ్చేది వోల్టేజీ సర్దుబాటు కాదు, ఆ మూడు నిమిషాలే. ఇంకా పద్ధతిగా చేయాలంటే మెయిన్ బోర్డులో ఆన్ డిలే టైమరు వేయించవచ్చు. మోటారు ప్యానెళ్లు కట్టే ఎలక్ట్రీషియన్ ఎవరికైనా ఇది చేతిలో పనే. ఒక జాగ్రత్త: టైమరు కాంటాక్టు రేటింగు చాలావాటిలో 5 ఆంపియర్లే. కంప్యూటరు పవర్ సప్లైలు మొదలయ్యే క్షణంలో లాగే ఉరుకు కరెంటు దానికంటే చాలా ఎక్కువ. టైమరుతో చిన్న కాంటాక్టరును (ఎక్కువ కరెంటును తట్టుకునే స్విచ్చిని) నడిపించి, లోడును కాంటాక్టరు మీద వేయాలి. లేకపోతే కొన్నాళ్లకు కాంటాక్టు అతుక్కుపోయి ఆలస్యం మాయమవుతుంది. ఆ సంగతి బయటికి కనిపించదు కూడా.

ఇన్వర్టర్ వెనక ఉన్న స్విచ్చి

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో సర్వరు గాలివాన రాగానే రీబూట్ అవుతుంటే ముందు చూడాల్సింది ఇన్వర్టర్ వెనక ఉండే చిన్న స్విచ్చిని. దానికి రెండు స్థానాలుంటాయి: యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్. కొన్నింటిలో రెండోదాన్ని ఎకో అని రాస్తారు. నార్మల్‌లో మెయిన్స్ (వీధి సరఫరా) 100 నుంచి 280 వోల్టుల దాకా ఎలా ఉన్నా లోపలికి వదులుతుంది, బ్యాటరీకి మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా తీసుకోవచ్చు. యూపీఎస్ మోడ్‌లో ఆ పరిధి సుమారు 180 నుంచి 260కి కుదించుకుంటుంది, మారడం పది పదిహేను మిల్లీసెకన్లలో అయిపోతుంది. డెస్క్‌టాప్ పవర్ సప్లై పూర్తి లోడు మీద సరఫరా లేకుండా నిలవాల్సిన సమయం ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 16, 17 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉంటుంది. 40కీ 16కీ మధ్య తేడాయే ఆ రీబూట్. ఫ్యాను, ట్యూబులైటు ఆ తేడాను పట్టించుకోవు కాబట్టి ఇన్వర్టర్ బిగించినవాళ్లు తరచుగా నార్మల్‌లోనే వదిలేసి పోతారు.

యూపీఎస్ మోడ్‌కు ఓ ఖర్చు ఉంది. వోల్టేజీ తరచుగా 180 కంటే దిగిపోయే వీధుల్లో మెయిన్స్ ఉన్నా బ్యాటరీ మీదే నడుస్తుంది, రాత్రికి బ్యాటరీ ఖాళీ. అలాంటిచోట ఇన్వర్టర్‌ను నార్మల్‌లోనే ఉంచి, సర్వరుకు మాత్రం వేరే చిన్న యూపీఎస్ పెట్టడం మేలు.

అసలు చిక్కు ఇంకోటి. మన ఇళ్లలోని ఇన్వర్టర్లలో ఎక్కువవాటికి కంప్యూటరుతో మాట్లాడే పోర్టు లేదు. కరెంటు పోయిందనీ బ్యాటరీ అయిపోవస్తోందనీ సర్వరుకు తెలియదు. నాలుగు గంటలు హాయిగా నడిచి, చివరికి ఇన్వర్టర్ 'లో బ్యాటరీ' అని అరిచి ఆగినప్పుడు సర్వరు ఉన్నపళంగా పడిపోతుంది. బ్యాటరీ పెద్దదైనా ఈ ప్రమాదం తప్పదు, వాయిదా పడుతుందంతే.

దీనికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. ఇన్వర్టర్ లైను కాకుండా నేరుగా మెయిన్స్ మీద ఉన్న ప్లగ్గుకు పాత రౌటరునో, ఈఎస్‌పీ 8266 అనే చిన్న వైఫై బోర్డునో తగిలించి దానికి స్థిరమైన ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) ఇవ్వాలి. సర్వరు ప్రతి 30 సెకన్లకు దాన్ని పింగ్ చేస్తుంది, అంటే ఉన్నావా అని పలకరిస్తుంది. జవాబు రాలేదంటే మెయిన్స్ లేదన్నమాట. వరసగా 20 నిమిషాలు జవాబు లేకపోతే ముందు వర్చువల్ మెషీన్లను (తన లోపల ప్రోగ్రాములుగా నడిచే కంప్యూటర్లను), తర్వాత తనను తాను పద్ధతిగా ఆపుకుంటుంది. ఒక్క పరికరాన్నే నమ్మితే అది చెడిపోయిన రోజు సర్వరు ఊరికే ఆగిపోతుంది. రెండు పెట్టి, రెండూ పలకనప్పుడే ఆగేలా స్క్రిప్టు రాయాలి.

అలా ఆగిన సర్వరు మళ్లీ లేవాలి కదా. ఇన్వర్టర్ అవుట్‌పుట్ ఎప్పుడూ తెగలేదు కాబట్టి, సర్వరు దృష్టిలో కరెంటు పోనేలేదు. బయోస్‌లో (యంత్రం లేవగానే నడిచే మూల సెట్టింగుల్లో) 'కరెంటు వస్తే ఆన్ అవ్వాలి' అని పెట్టినా ఇక్కడ పనిచేయదు. అందుకే మూడు నాలుగు వాట్లు మాత్రమే తినే రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే కంప్యూటరు) లాంటిదాన్ని, లేదా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసిన రౌటరును కాపలాగా ఉంచాలి. మెయిన్స్ పరికరం పది నిమిషాలు ఎడతెగకుండా జవాబిచ్చాక అది వేక్ ఆన్ ల్యాన్ ప్యాకెట్టు పంపి సర్వరును లేపుతుంది. ఈ సదుపాయాన్ని బయోస్‌లోనూ, లినక్స్‌లో ఈథ్‌టూల్ అనే ఆజ్ఞ ద్వారానూ రెండుచోట్లా ఆన్ చేయాలి. బయోస్‌లో 'డీప్ స్లీప్' లాంటి పొదుపు సెట్టింగు ఆన్‌లో ఉంటే నెట్‌వర్క్ కార్డుకు స్టాండ్‌బై కరెంటే అందదు, ప్యాకెట్టు వినపడదు.

యూఎస్‌బీ పోర్టు ఉన్న యూపీఎస్ అయితే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ వాడొచ్చు. పొట్టిగా నట్; యూపీఎస్ స్థితిని చూసి సర్వరును ఆపే ఉచిత ప్రోగ్రాము. అందులోనూ ఓ మడత పేచీ ఉంది. బ్యాటరీ తగ్గిందని సర్వరు ఆగిపోవడం మొదలైంది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. సర్వరు ఆగింది, యూపీఎస్ మాత్రం తన అవుట్‌పుట్‌ను కట్ చేయలేదు. సర్వరుకు మళ్లీ 'కరెంటు వచ్చిన' క్షణమే ఉండదు, అలాగే పడి ఉంటుంది. నట్‌లో షట్‌డౌన్ చివరి మెట్టున, మెయిన్స్ వచ్చినా రాకపోయినా యూపీఎస్ అవుట్‌పుట్‌ను ఒకసారి కోసి మళ్లీ ఇవ్వమని ఆజ్ఞ పంపే ఏర్పాటు ఉన్నది ఇందుకే. అది పనిచేస్తోందో లేదో నిజంగా ఆపి చూస్తే తప్ప తెలియదు. బయోస్‌లో 'చివరి స్థితి' అన్న ఎంపిక కూడా ఇక్కడ మోసం చేస్తుంది: పద్ధతిగా ఆగిన సర్వరు చివరి స్థితి 'ఆఫ్' కాబట్టి అలాగే ఉండిపోతుంది. 'ఎప్పుడూ ఆన్' అన్నదే ఎంచుకోవాలి.

ఎవరు ముందు లేవాలి

ఇక మొదటి ఐదు నిమిషాల సంగతి. ఎస్‌ఎస్‌డీ ఉన్న మినీ పీసీ 30, 40 సెకన్లలో లేచి కూర్చుంటుంది. ఓఎన్‌టీ లేచి, ఆపరేటరు దగ్గర నమోదై, పీపీపీఓఈ (ఆపరేటరు ఇచ్చిన పేరు, పాస్‌వర్డ్‌తో నెట్‌లోకి ఎక్కే పద్ధతి) లాగిన్ అయ్యేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. వీధి మొత్తానికీ ఒకేసారి కరెంటు వచ్చినప్పుడు అందరి రౌటర్లూ ఒకేసారి లాగిన్‌కు ఎగబడతాయి కాబట్టి ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈలోపు సర్వరు ఐపీ కోసం అడిగి, ఇచ్చేవాళ్లు లేక, ఖాళీ చేతులతో మిగిలిన పనులు మొదలుపెడుతుంది. ఒక నిర్దిష్టమైన ఐపీ మీద నిలబడాల్సిన కంటైనర్లు (సర్వరులో విడివిడిగా నడిచే సేవలు) ఆ ఐపీ కనిపించక పడిపోతాయి. రీస్టార్ట్ విధానం సరిగా రాయకపోతే పడ్డవి పడ్డట్టే ఉంటాయి.

అందుకే సర్వరు ఐపీని రౌటరు మీద ఆధారపడనివ్వకూడదు. డీహెచ్‌సీపీ పరిధిని (రౌటరు తనంతట పంచే చిరునామాలను) 192.168.1.100 నుంచి 200 వరకు కుదించి, సర్వరుకు 192.168.1.10 లాంటి చిరునామాను సర్వరులోనే స్థిరంగా రాసేయాలి. రౌటరులో రిజర్వేషన్ పెడితే చాలదు. రిజర్వేషన్ ఇచ్చేది కూడా ఇంకా లేవని ఆ రౌటరే.

బయటి యూఎస్‌బీ డిస్కు ఉన్నవాళ్లకు ఇంకో గుంత. ఎఫ్‌స్టాబ్‌లో (లేవగానే తగిలించాల్సిన డిస్కుల జాబితా ఫైలులో) ఆ డిస్కు వరసకు 'నోఫెయిల్' అన్న మాట లేకపోతే, డిస్కు సమయానికి కనిపించని రోజు లినక్స్‌లో సేవలను లేపే సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లిపోతుంది. తెర లేని, కీబోర్డు లేని సర్వరు ఎవరో వచ్చి పాస్‌వర్డ్ కొడతారని ఎదురుచూస్తూ ఉంటుంది. బయటి నుంచి చూస్తే లైట్లు వెలుగుతుంటాయి, పింగ్ మాత్రం పలకదు. ఈ ఒక్క పదం రాసిపెట్టుకుంటే తప్పే ప్రయాణాలు చాలా ఉంటాయి, ముఖ్యంగా సర్వరు గుత్తిలోనో ధర్మవరంలోనో ఉండి, చూసుకునే మనిషి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు.

అన్నిటికంటే తలనొప్పి తెచ్చేది గడియారం. పాత డెస్క్‌టాపుల మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 బిళ్ల ఉంటుంది. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది; 2.7 కంటే దిగితే మార్చేయాలి. అది చచ్చిన యంత్రం కరెంటు పూర్తిగా పోయి వచ్చినప్పుడు ఎన్నో ఏళ్ల కిందటి తేదీతో లేస్తుంది. రాస్ప్‌బెర్రీ పైలలో 4వ తరం వరకు అసలు గడియారమే లేదు, ఆగినప్పటి సమయాన్ని ఫైలులో రాసుకుని అక్కడి నుంచి లెక్కపెడుతుంది. 5వ తరంలో గడియారం ఉంది గానీ బ్యాటరీ విడిగా కొనాలి.

తేదీ తప్పితే ఏమవుతుంది? ఇంట్లో ప్రకటనలు ఆపడానికి పైహోల్, దాని వెనక సైట్ల పేర్లను చిరునామాలుగా విప్పే (డీఎన్‌ఎస్) అన్‌బౌండ్ పెట్టి, ఆ జవాబులు అసలువేనా అని సంతకాలతో సరిచూసే డీఎన్‌ఎస్‌సెక్ ఆన్ చేసుకున్నారనుకుందాం. డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. సర్వరు గడియారం 2015లో ఉంటే నేటి సంతకాలన్నీ 'ఇంకా మొదలుకానివి'గా కనిపిస్తాయి, ఒక్క పేరుకూ చిరునామా ఇవ్వదు. గడియారం సరిచేయాల్సిన ఎన్‌టీపీ సర్వరు చిరునామా కూడా పేరుతోనే రాసి ఉంది. పేరు విప్పాలంటే సమయం కావాలి, సమయం కావాలంటే పేరు విప్పాలి. ఎంతసేపు వదిలేసినా ఈ ముడి తనంతట వీడదు. ఇంట్లోవాళ్లకు మాత్రం 'నెట్ లేదు'.

విరుగుడు సులువు. క్రోనీ (గడియారం సరిచేసే ప్రోగ్రాము) సెట్టింగుల్లో కనీసం రెండు సమయ సర్వర్లను పేరుతో కాక అంకెలతో రాయాలి. క్లౌడ్‌ఫ్లేర్ సమయ సేవకు 162.159.200.1, 162.159.200.123 అన్న చిరునామాలున్నాయి. గూగుల్ సమయ సేవను ఇతరులతో కలపకపోవడం మంచిది, లీప్ సెకనును (అప్పుడప్పుడు గడియారాలకు కలిపే సెకనును) అది వేరే పద్ధతిలో పరుస్తుంది. దీనితోపాటు 'మేక్‌స్టెప్ 1 3' అన్న వరస ఉండాలి. అది లేకపోతే ఏళ్ల తేడాను క్రోనీ ఒక్క దూకులో దాటకుండా మెల్లమెల్లగా జరుపుతూ కూర్చుంటుంది. రాస్ప్‌బెర్రీ పైకి అయితే డీఎస్ 3231 గడియారం మాడ్యూల్ తగిలించడం ఇంకా గట్టి పని.

డీఎన్‌ఎస్ సర్వరు ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేరు) లోపల వర్చువల్ మెషీనుగా ఉంటే, స్టార్ట్ ఆర్డరులో దానికి 1 ఇచ్చి 30 సెకన్ల ఆలస్యం పెట్టాలి. ఫైళ్లు పంచే నాస్‌కు 2, ఆలస్యం 120 సెకన్లు. కెమెరా, ఫొటోలు, మిగతావన్నీ 3. కొందరు ఫోన్లకు రెండో డీఎన్‌ఎస్‌గా గూగుల్ వారి 8.8.8.8 ఇచ్చేసి ఊరుకుంటారు. మొదటిది పడిపోయినప్పుడే రెండోదాన్ని అడుగుతాయని నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం లేదు. చాలా పరికరాలు రెండింటినీ తమకు తోచినట్టు వాడుకుంటాయి. ప్రకటనలు అప్పుడప్పుడు వచ్చి అప్పుడప్పుడు రాకపోతే కారణం ఇదే కావచ్చు. రెండోది కావాలంటే కాపలాగా ఉంచిన రాస్ప్‌బెర్రీ పై మీదే ఇంకో పైహోల్ పెట్టడం సరైన దారి.

వాట్ల లెక్క

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే ర్యాక్ సర్వర్లు చూడ్డానికి బాగుంటాయి. ఊరికే ఉన్నా వంద వాట్లకు పైగా తింటాయి, ఇంట్లో ఉండలేనంత చప్పుడు. పాత టవర్ డెస్క్‌టాప్ 40 నుంచి 70 వాట్లు. ఆఫీసులు మార్చేసిన డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ లాంటివి, లేదా ఎన్ 100 చిప్పుతో వచ్చే మినీ పీసీలు ఖాళీగా ఉన్నప్పుడు పది పదిహేను వాట్లలోపే.

60 వాట్ల యంత్రం నెలకు 43 యూనిట్లు, 12 వాట్లది 9 యూనిట్లలోపు. తేడా 34 యూనిట్లు. మన గృహ టారిఫ్ స్లాబుల మీద నడుస్తుంది కాబట్టి ఈ యూనిట్లను సగటు ధరతో లెక్కేయకూడదు. ఇంటి వాడకం మీద అదనంగా పడేవి కాబట్టి అవి పడేది పై స్లాబులో, ఖరీదైన ధరకు.

బ్యాటరీ వైపు చూస్తే 12 వోల్టులు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్‌అవర్లు. ఆ 150 అన్నది 20 గంటల పాటు మెల్లగా లాగితే వచ్చే లెక్క. బ్యాటరీ నాలుగు కాలాలు బతకాలంటే 60 శాతం, అంటే 1080 దగ్గర ఆపాలి. రెండు మామూలు ఫ్యాన్లు 150 వాట్లు, నాలుగు ఎల్‌ఈడీలు 36, ఓఎన్‌టీ రౌటరు కలిపి 20, టవర్ డెస్క్‌టాప్ 60: మొత్తం 266. ఇన్వర్టర్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే మూడుంపావు గంటలు. సర్వరు 12 వాట్లదైతే దాదాపు నాలుగు గంటలు. ఫ్యాన్లను 30 వాట్ల బీఎల్‌డీసీకి మార్చితే అదే బ్యాటరీ ఆరున్నర గంటలు దాటుతుంది. సర్వరు మీద పెట్టే డబ్బులో కొంత ఫ్యాన్ల మీద పెడితే సర్వరుకే లాభమన్నమాట; ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి ఇంతకంటే మంచి వాదన దొరకదు.

రౌటర్ల కోసం అమ్మే 12 వోల్టుల మినీ యూపీఎస్‌ల పెట్టె మీద 8000 ఎంఏహెచ్ అని చూసి మోసపోకూడదు. అది లోపలి 3.7 వోల్టుల సెల్లుల లెక్క, అంటే సుమారు 30 వాట్‌అవర్లు. 12 వోల్టులకు మార్చడంలో పోయేది పోగా 25 మిగులుతుంది. ఓఎన్‌టీ పది వాట్లు తింటే రెండున్నర గంటలు.

ఎండిన ఎర్తింగ్

అనంతపురం నేల రాతి నేల, పైన మొరుసు. వానాకాలంలో కొలిచిన ఎర్తింగ్ ఏప్రిల్‌లో అలాగే ఉండదు. గుంతలో తేమ ఆరిపోతే నిరోధం పెరుగుతుంది. సర్వరు పెట్టె అంచు తాకితే చెయ్యి జిల్లుమంటోందంటే ఎర్త్ తెగిందని అర్థం. పవర్ సప్లై లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజుకూ న్యూట్రలుకూ మధ్యలో బాడీని పట్టుకుని ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద సుమారు సగం వోల్టేజీ, 115 దాకా తేలుతుంది. కరెంటు స్వల్పమే అయినా ల్యాన్ పోర్టులు, హెచ్‌డీఎంఐ పోర్టులు తగిలించేటప్పుడు చచ్చేది ఇలాంటి ఇళ్లలోనే.

మల్టీమీటరుతో ప్లగ్గులో మూడు కొలతలు తీయాలి. ఫేజు నుంచి న్యూట్రలుకు 230 దరిదాపుల్లో, ఫేజు నుంచి ఎర్త్‌కు దాదాపు అంతే, న్యూట్రలు నుంచి ఎర్త్‌కు రెండు మూడు వోల్టుల లోపు. రెండో కొలత 140, 160 అంటూ ఊగుతుంటే ఎర్త్ తీగ ఎక్కడో వదిలేసింది. ఎర్తింగ్ నిబంధనల భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం జీఐ పైపు లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లు, పొడవు రెండున్నర మీటర్లకు తగ్గకూడదు. బొగ్గు, ఉప్పు పొరల మధ్య దింపిన ఆ పైపు పైన గరాటు పెట్టేది నీళ్లు పోయడానికే. వేసవిలో వారానికి రెండు బకెట్లు పోయాలి.

ఎర్త్ నిరోధం 20 ఓములు ఉందనుకుందాం. ఫేజు బాడీకి తగిలితే పారేది 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలదు. అందుకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చి) తప్పనిసరి. మెరుపుల కోసం పెట్టే సర్జ్ ప్రొటెక్టరు కూడా మంచి ఎర్త్ ఉంటేనే పనిచేస్తుంది. దుకాణాల్లో స్పైక్‌గార్డ్ పేరుతో అమ్మే చవక బాక్సుల్లో కొన్నింటి లోపల స్విచ్చి తప్ప ఏమీ ఉండదు. ఇంటికీ తోటలోని షెడ్డుకూ మధ్య రాగి ల్యాన్ కేబుల్ లాగడం మాత్రం అసలు వద్దు. రెండుచోట్ల రెండు ఎర్త్‌లు, దగ్గర్లో పిడుగు పడితే ఆ తేడా అంతా కేబుల్ గుండానే పోతుంది. రెండు మీడియా కన్వర్టర్లు (రాగి కేబుల్ సంకేతాన్ని వెలుతురుగా మార్చే పెట్టెలు), మధ్యలో ఫైబర్ వేస్తే ఆ భయం లేదు.

ఎక్కడ పెట్టాలి

అటక మీద వద్దు. మిద్దె పగలంతా ఎండను తాగి, రాత్రి తొమ్మిది దాకా కిందికి వదులుతూ ఉంటుంది. సరిగ్గా గాలివానకు ఫ్యాన్లు ఆగే వేళ అదే. హార్డ్ డిస్కులకు తయారీదారులు ఇచ్చే గరిష్ఠం 60, 65 డిగ్రీలు. గది 40 ఉంటే మూసిన పెట్టెలో డిస్కు 52 దగ్గర తేలుతుంది. 55కు హెచ్చరిక, 60కి షట్‌డౌన్ పెట్టుకోవడం క్షేమం. వంటింట్లోనో వరండాలోనో ఉండే కడప బండల గూట్లో కింది అర, ఉత్తరం గోడ వైపు, మంచి చోటు. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన మాత్రం పెట్టకూడదు, ఆసిడ్ ఆవిరికి కనెక్టర్లు తుప్పు పడతాయి.

నీళ్ల కూలరు గాలి సర్వరు వైపు తిప్పితే చల్లగా ఉంటుందనుకోవడం పెద్ద పొరపాటు. బోరు నీళ్లలోని లవణాలు సన్నటి తెల్ల పొడిగా బోర్డు మీద పేరుకుంటాయి. తాడిపత్రి బండల పాలిషింగు యూనిట్ల చుట్టుపక్కల ఆ పొడికి రాతి పొడి తోడై, తేమ తగిలినప్పుడు కరెంటు పారే పేస్టులా మారుతుంది. ఆదోని వైపు ఇబ్బంది దూది. జిన్నింగు మిల్లుల నుంచి వచ్చే నూగు హీట్‌సింక్ రెక్కల కింద చాపలా అల్లుకుంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది గానీ గాలి పోదు. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. వేగంగా తిరిగితే బేరింగు పాడవుతుంది.

లైట్లు చెప్పేవి

సర్వరు లేచినా బయటి నుంచి అందకపోతే ఓఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి. లాస్ లైటు ఎర్రగా ఉంటే ఫైబరులో వెలుతురే రావడం లేదు: కేబుల్ తెగింది, లేదా ఆపరేటరు గదిలో బ్యాటరీ అయిపోయింది. మధ్యలో ఫైబరును ఇళ్లకు పంచే స్ప్లిట్టర్లకు కరెంటు అక్కర్లేదు కాబట్టి వాటిని అనుమానించక్కర్లేదు. పాన్ లైటు మినుకుతుంటే వెలుతురు ఉంది, నమోదు కాలేదు. పాన్ నిలకడగా ఉండి నెట్ లేకపోతే లాగిన్ దగ్గర ఆగింది. కోతకు ముందున్న పాత పీపీపీఓఈ సెషను అవతల ఇంకా బతికే ఉంటే కొత్తదాన్ని ఒప్పుకోదు; కొన్ని నిమిషాలు రౌటరును ఆపి ఉంచితే సరిపోతుంది. ఓఎన్‌టీ పేజీలో రిసీవ్ పవర్ (అందే వెలుతురు బలం) మైనస్ 15కూ మైనస్ 24 డీబీఎమ్‌కూ మధ్య ఉంటే మంచిది. మైనస్ 27కు దిగితే గాలి వీచినప్పుడల్లా తెగుతుంది. ప్రతి 3 డీబీకి వెలుతురు సగమవుతుంది కాబట్టి మైనస్ 21 నుంచి 27కు పడిందంటే నాలుగో వంతే మిగిలింది.

రౌటరుకు బయటి వైపు ఉండే (వ్యాన్) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే అది ఆపరేటరు పంచి వాడుతున్న చిరునామా. పోర్ట్ ఫార్వర్డింగుతో (బయటివాళ్లను రౌటరు గుండా సర్వరు దగ్గరికి పంపే ఏర్పాటుతో) ఎంత కుస్తీ పట్టినా ఫలితం ఉండదు. ఐపీవీ6 ద్వారా లోపలికి రావడం, టెయిల్‌స్కేల్ సేవ వాడటం, లేదా బయట ఒక చిన్న వీపీఎస్ (అద్దె సర్వరు) తీసుకుని దానికీ ఇంటికీ మధ్య వైర్‌గార్డ్ సొరంగం వేయడం మిగిలిన దారులు. వైర్‌గార్డ్‌లో ఇంటి వైపు కీప్‌అలైవ్ (ఆగకుండా పలకరించే వ్యవధి) 25 సెకన్లు పెట్టకపోతే కరెంటు వచ్చాక ఇంటి నుంచి ఎవరూ పలకరించేదాకా సొరంగం మూసే ఉంటుంది. సొరంగం లేచినా చిన్న పేజీలు వచ్చి పెద్దవి నిలిచిపోతుంటే ఎమ్‌టీయూ (ఒక్క ప్యాకెట్టులో పట్టే గరిష్ఠ బైట్లు) చూడాలి. పీపీపీఓఈ మీద 1492 మాత్రమే పడుతుంది. ముక్కలు చేయకుండా 1464 బైట్ల పింగ్ పోయి 1472 పోకపోతే అదే. వైర్‌గార్డ్ మామూలుగా తీసుకునే 1420ని 1412కు దించితే సరి.

ఇవన్నీ కట్టుకున్నాక గాలివాన కోసం ఆగకుండా ఫిబ్రవరిలోనే రెండు పరీక్షలు చేయాలి. మొదటిది మెయిన్ ఎంసీబీ దించి, సర్వరు తనంతట ఆగేదాకా చూసి, గంట తర్వాత ఎత్తడం. రెండోది దించి, పది సెకన్లకు ఎత్తి, ఇరవై సెకన్లకు మళ్లీ దించి ఎత్తడం. నిజంగా కరెంటు వచ్చే తీరు రెండోదే. రెండింటికీ ముందూ వెనకా స్మార్ట్‌సీటీఎల్ అనే డిస్కు పరీక్ష ప్రోగ్రాములో ఎన్‌వీఎమ్‌ఈ (ఎస్‌ఎస్‌డీ రకం) డిస్కు 'అన్‌సేఫ్ షట్‌డౌన్స్' అంకె రాసుకోవాలి. అది పెరిగిందంటే షట్‌డౌన్ ఏర్పాటు ఎక్కడో పనిచేయలేదు. సర్వరు లేచిన పది నిమిషాలకు ఎవరూ ముట్టకుండా అన్నీ లేచాయో లేదో చూడాలి. లేవని సేవ ఏదైనా ఉంటే దాని లాగ్‌లో మొదటి ఎర్రర్ పడ్డ సమయాన్ని, రౌటరు లాగ్‌లో లాగిన్ అయిన సమయాన్ని పక్కపక్కన పెట్టాలి. ఆ రెండింటి మధ్య తేడాకు ముప్పై సెకన్లు కలిపితే ఆ సేవకు ఇవ్వాల్సిన ఆలస్యం వస్తుంది.